తిరిగొచ్చిన మెయిళ్ళు చదివించిన మాస్టారు

మొన్న రైల్లో పక్క సీటు పెద్దాయన నశ్యం డబ్బీ మూత తీశారు. ఆ ఘాటుకు నాకు వరసగా తుమ్ములు వచ్చాయి. ఆ తుమ్ముల వెనకే, ఎప్పుడూ నశ్యం పీల్చే భాస్కరం మాస్టారు గుర్తొచ్చారు. ఆయన బళ్ళో పాఠాలు చెప్పిన మాస్టారు కాదు. ముప్ఫై ఏళ్ళకు పైగా తంతి ఆఫీసులో టెలిగ్రాములు పంపి రిటైరైన మనిషి. అమలాపురంలో అలాంటివారినీ మాస్టారనే పిలిచేవారు. నాకు మాత్రం ఆయన నిజంగానే మాస్టారు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. డిగ్రీ పూర్తిచేసి, కొత్తపేట నుంచి రోజూ బస్సులో అమలాపురం వచ్చి ఒక ఇంటర్నెట్ సెంటరులో ఆపరేటరుగా పనిచేసేదాన్ని. ముందు గదిలో ఆరు కంప్యూటర్లు, వెనక గదిలో మెయిళ్ళు పంపే సర్వరు ఒకటి. కొబ్బరి వ్యాపారులు, చేనేతవాళ్ళు, గల్ఫ్ వెళ్ళేవాళ్ళు మా దగ్గరే ఈమెయిలు ఖాతాలు తెరిచేవారు. మాస్టారు అక్కడ మేనేజరు. అరవై దాటాక నా పక్కన కూర్చుని కంప్యూటరు నేర్చుకున్నారు. మౌస్ పట్టుకోవడం నేనే నేర్పాను గనుక ఆయనకంటే నాకే ఎక్కువ తెలుసని లోపల కాస్త గర్వం ఉండేది.

బండారులంక నుంచి సత్యవతి అనే నర్సు మా సెంటరుకు వచ్చేది. నేతపని చేసే ఆ ఇంట్లో ఉద్యోగానికి గడప దాటిన మొదటి మనిషి ఆమె. మస్కట్‌లో ఒక ఆసుపత్రి ఆమెను తీసుకుంటామంది. అంగీకారపత్రం, సర్టిఫికెట్లు బుధవారం సాయంత్రంలోగా అందకపోతే ఆ చోటు మరొకరికి ఇస్తామని కూడా రాసింది. సోమవారం అన్నీ స్కాన్ చేసి మెయిలు పంపాను. మంగళవారం ఆమె మళ్ళీ వచ్చి, "వెళ్ళిపోయిందాండీ?" అని అడిగింది.

"వెళ్ళిపోయిందండి, మీరేం బెంగపెట్టుకోకండి" అన్నాను, తెర మీంచి చూపు తిప్పకుండానే.

బుధవారం ఉదయం నేను వెళ్ళేసరికి మాస్టారు నా కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నారు. రెండు రోజులుగా ఇంగ్లీషులో ఏవో మెయిళ్ళు గుట్టలుగా వస్తుంటే, చెత్త అనుకుని చదవకుండానే తీసిపారేశాను. ఆయన వాటిని కంప్యూటరు చెత్తబుట్టలోంచి బయటికి తీసి, మొదటి అక్షరం నుంచి చివరిదాకా ఒక్కొక్కటీ చదువుతున్నారు.

"ఇవి చదివేవా అమ్మాయ్?"

"లేదండి. మామూలుగా వచ్చేవేనండి."

"మామూలువి కావు. మనం పంపినవే తిరిగొచ్చేయి. మన సర్వరు నల్లజాబితాలోకి ఎక్కిందిట. అందుకని మన మెయిళ్ళు తీసుకోం అంటున్నారు. సత్యవతి గారిది కూడా ఉందిందులో."

చెత్త మెయిళ్ళు పంపే సర్వర్ల చిరునామాలతో కొందరు జాబితాలు నడుపుతారు. అందులో ఉన్నవాళ్ళ మెయిళ్ళను చాలా సంస్థలు గుమ్మంలోంచే తిప్పి పంపేస్తాయి. మా కంప్యూటర్లలో ఒకదానికి వైరస్ పట్టి, మాకు తెలియకుండానే లోకం మీదికి వేలకొద్దీ మెయిళ్ళు వదులుతోంది. ఆ ఫలితం సత్యవతి మీద పడింది.

"మన సర్వరుతో పనిలేని వేరే ఖాతాలోంచి ఇప్పుడే మళ్ళీ పంపేస్తానండి. ఆవిడకి తెలియక్కర్లేదు" అన్నాను.

"పంపు. పంపేక ఇద్దరం ఆవిడ దగ్గరికి వెళ్దాం. కబురు ఆవిడది. చేరలేదన్న సంగతి ముందు ఆవిడకి తెలియాలి. నువ్వే చెప్పాలి."

మెయిలు పంపేసి, ఆయన మోపెడ్ వెనక కూర్చుని బండారులంక వెళ్ళాను. మమ్మల్ని చూసి ఆ ఇంట్లో మగ్గం ఆపారు. నేను విషయం చెప్పాను. సత్యవతి నా మొహంలోకి చూసి, "నిన్న వెళ్ళిపోయిందన్నారు కదండీ" అంది. తిట్టినా బాగుండేది. మాస్టారు నన్ను వెనకేసుకు రాలేదు, తప్పుపట్టనూ లేదు.

"చూడకుండా చెప్పేనండి. తప్పు నాదేనండి" అన్నాను.

అప్పుడాయన, "ఇంకా బోల్డు పొద్దుందమ్మా. కాగితాలు పట్టుకుని రండి" అన్నారు.

అమలాపురంలో ఫ్యాక్సు ఉన్న ఎస్టీడీ బూతు నుంచి సత్యవతే ఆసుపత్రికి ఫోన్ చేసింది. తనకింకా ఏ మెయిలూ కనిపించలేదన్న అక్కడి గుమాస్తా, కాగితాలు ఫ్యాక్సులో పంపమన్నాడు. పంపాక నేను ఊపిరి పీల్చుకున్నాను గానీ మాస్టారు ఊరుకోలేదు. మళ్ళీ ఫోన్ చేయించి, ఎన్ని కాగితాలు అందాయో, అన్నీ చదవడానికి వీలుగా ఉన్నాయో లేదో అడగమన్నారు. ఒకటి నల్లగా వచ్చిందట. దాన్ని మళ్ళీ పంపాం. "అన్నీ అందాయి, మీ చోటు మీకే" అని అవతలినుంచి విన్నాక సత్యవతి బెంచీమీద కూలబడి మంచినీళ్ళడిగింది. రెండు నెలలకు మస్కట్ వెళ్ళింది.

జాబితాలోంచి మా పేరు తీసేయమని నేను ఆ మధ్యాహ్నమే అర్జీ పెట్టాను. తీశారు. మర్నాటికల్లా మళ్ళీ ఎక్కించారు. "పేరు తీయమని అడిగేవు. ఎందుకెక్కిందో అది తీసేవా మరి?" అన్నారు మాస్టారు. ఆరు కంప్యూటర్లనూ నెట్ నుంచి విడదీసి ఒక్కొక్కటీ పరీక్షించాం. వైరస్ దొరికింది నేను వాడే దానిలోనే. పండగ శుభాకాంక్షల బొమ్మలకోసం ఎక్కడిదో ఒక ఉచిత ప్రోగ్రాం నేనే ఎక్కించాను. రెండో అర్జీలో, ఎవరో దుండగులు మా కంప్యూటరులో చొరబడ్డారని రాశాను. ఆయన ఆ వాక్యం కొట్టేసి, 'పొరపాటు మాదే, శుభ్రం చేశాం, దయచేసి పరీక్షించుకోండి' అన్న అర్థం వచ్చేలా మూడు ముక్కలు రాయించారు. ఆ తర్వాత మా పేరు మళ్ళీ ఎక్కలేదు.

మెయిళ్ళు తిరిగొచ్చిన ప్రతివారికీ చెప్పాలని ఆయన పేర్లు రాయిస్తుంటే సెంటరు యజమాని కంగారుపడ్డారు. "పరువు పోతుంది మాస్టారూ, ఎవరైనా అడిగితే చూద్దాం లెండి."

"చేరిందనుకుని కూర్చున్నవాళ్ళు ఎందుకడుగుతారండీ?" అన్నారు మాస్టారు.

యజమాని ఫోను నావైపు జరిపారు. నాలుగు రోజులు ఫోన్లు చేశాను. కొందరు విసుక్కున్నారు, ఒకాయన ఖాతా మానేశాడు. చాలామంది మాత్రం "చెప్పేరు, అదే పదివేలండి" అన్నారు. ఉద్యోగం పోతుందని భయపడుతున్న నాకు ఆ ఫోన్లన్నీ అయ్యాక మాస్టారు సర్వరు గది తాళంచెవి ఇచ్చి, "ఇకమీదట నువ్వే చూసుకో" అన్నారు. నా మీద అంత నమ్మకం అంతకుముందు ఎవరూ పెట్టలేదు.

తర్వాత హైదరాబాదులో ఒక సంస్థ మెయిలు విభాగంలో చేరాను. చివరిసారి ఆయన్ని చూడబోయినప్పుడు ఆయనకు చెవులు సరిగా వినపడటంలేదు. జీతమెంతని అడగలేదు, హోదా ఏమిటని అడగలేదు. "తిరిగొచ్చినవి చదువుతున్నావా?" అన్నారు.

"చదువుతున్నానండి" అని గట్టిగా చెప్పాను.

"ఆయ్" అన్నారు తృప్తిగా.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు నా కింద పదిమంది పనిచేస్తున్నారు. మెయిళ్ళు ఆగిపోయిన రోజున సంజాయిషీ ఎలా రాయాలా అని వాళ్ళు తర్జనభర్జన పడుతుంటే, నేను ఫోన్ తీసి, మెయిలు చేరనివాళ్ళలో మొదటివారి నంబరు నొక్కుతాను. ఇన్నేళ్ళయినా ఆ మాట చెప్పడం తేలిక కాలేదు. అయినా చెబుతాను: "మీరు పంపింది చేరలేదండి. పొరపాటు మాదేనండి."