శుక్రవారం కదలని గౌతమి

వర్జీనియాలో, షాంటిలీలో మా బేస్‌మెంట్‌లోకి వాననీరు ఊరినప్పుడల్లా, తడిసిన చెక్క వాసనా, గడ్డి కోసే మిషన్ నూనె వాసనా, పైనుంచి దిగిన పోపులో ఇంగువ వాసనా ఒకదాన్నొకటి పట్టుకుని, నేను పదకొండేళ్ళదాకా పెరిగిన ఇంటి వాసన అవుతాయి. మాప్ పట్టుకుని మెట్లమీద కూర్చుని పోయినవాటిని లెక్కపెడతాను. నలభై నాలుగు అడుగుల తెరచాప పడవ ఒకటి, పేరు గౌతమి. తెరచాపలు మూడు. పడకలు ఎనిమిది. స్టీలు గ్లాసులు పద్దెనిమిది, వాటిలో అమ్మ పుట్టింటి పేరు చెక్కినవి ఆరు. ఇడ్లీ రేకులు నాలుగు, ఆవకాయ జాడీ ఒకటి. గాలి ఒత్తిడి చూపే ఇత్తడి గడియారం ఒకటి. అగ్గిపెట్టెలో దాచిన తమ్ముడి పాలపళ్ళు రెండు. మనుషుల్ని ఈ లెక్కలో ఎప్పుడూ కలపను.

నాన్నది కోరంగి దగ్గర ఊరు. సరుకు ఓడల మీద ఇంజన్ పనిచేస్తూ అమెరికా చేరి, కూడబెట్టినదంతా పోసి పాత పడవ కొని, అమెరికావే అయిన వర్జిన్ దీవుల్లో సెయింట్ జాన్ దగ్గర దాన్ని నీళ్ళమీద నిలిపాడు. ముందు గదులు రెండూ అతిథులవి, వెనక ఇరుకు పడకలు మావి. అట్లాంటా నుంచి, వర్జీనియా నుంచి, న్యూజెర్సీ నుంచి మనవాళ్ళు వారం రోజులకి వచ్చేవారు. సముద్రం మధ్య పెసరట్టూ అల్లం పచ్చడీ దొరికే పడవ ఇంకొకటి లేదన్న మాట ఒక డాక్టరు గారి భోజనాల బల్లనుంచి ఇంకో డాక్టరు గారి బల్లకి పాకేది. మాకు వాళ్ళంతా అంకుల్, ఆంటీ. వచ్చిన మొదటిరోజు వాంతులు, రెండోరోజు ఫొటోలు, మూడోరోజునుంచి అమ్మ చేతి కారప్పూస డబ్బా ఎక్కడుందో మాకంటే వాళ్ళకే బాగా తెలిసేది.

బడి లేదు మాకు. అక్షరాలు అమ్మ నేర్పింది, లెక్కలు పడవ నేర్పింది. తొట్టిలో నీళ్ళు నూట అరవై గాలన్లు, మనుషులు ఎనిమిది, మనిషికి రోజుకి రెండు, ఎన్నాళ్ళొస్తాయి అని నాన్న అడిగితే గరిటె తిప్పుతున్న అమ్మకంటే ముందు నేనే చెప్పేదాన్ని. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా గాలి తూర్పునుంచి తాడు కట్టినట్టు వీచేది, అతిథులు తెగకుండా వచ్చేవారు. తర్వాత ఎండలు ముదిరి, పడవ పైకప్పు మీద అమ్మ ఎండబెట్టిన వడియాలు సముద్రపు తుంపరకి వాటంతటవే ఉప్పుదేరి, ఈసారి ఉప్పు వెయ్యలేదని అమ్మ చెప్పినా ఎవరూ నమ్మేవారు కాదు. అష్టాచెమ్మా ఆడటానికి గవ్వలకి కరువు లేదు, పడవ ఒరిగితే కాయలు జారకుండా నాన్న పలకలో గుంటలు తవ్విపెట్టాడు. దసరాకి కొలువులో బొమ్మల్ని కరిగించిన కొవ్వొత్తితో అంటించేవాళ్ళం. పొద్దున్నే నాన్న కాఫీ తాగేముందు ఇత్తడి గడియారాన్ని వేలితో రెండుసార్లు తట్టి ముల్లు ఎటు కదిలిందో చూసేవాడు. ముల్లు కదలకపోతేనే ఇంట్లో మాటలు మొదలయ్యేవి.

మా పక్కన పాత ఒంటి తెరచాప పడవలో ఎలై తాత ఒక్కడే ఉండేవాడు. ఆ దీవిలోనే పుట్టినవాడు. ఆయన పడవ ఇంజన్ ఎప్పుడో చచ్చిపోయింది, బాగుచేయిద్దామన్న ఆలోచన కూడా దాంతోనే పోయింది. లక్ష్మణఫలాలు సంచిలో తెచ్చి మా పడవ అంచుకి తగిలించి, బదులుగా ఆవకాయ తీసుకెళ్ళి రొట్టెలో పెట్టుకుని తింటూ, మీ అమ్మ నన్ను చంపాలని చూస్తోందని చెప్పి మళ్ళీ గిన్నె చాపేవాడు.

ఆ యేడు వినాయకచవితికి ఒక డాక్టరు అంకుల్ భార్యనీ ఇద్దరు పిల్లల్నీ తీసుకుని అట్లాంటా పక్కన అల్ఫారెట్టా నుంచి వచ్చాడు. సెప్టెంబరు తుఫానుల కాలం, అందుకే ధర సగం. మొదటి పూటే తేలిందేమిటంటే ఆంటీ పుట్టింటి పేరూ మా ఇంటిపేరూ ఒకటే. ఇంక అమ్మకి పట్టపగ్గాల్లేవు. ఆంటీ అతిథి కాదు, మా ఇంటి ఆడపడుచు. ఆమె అమ్మని వదినా అంటూ వంటగదిలోకి వచ్చేసింది. మట్టి దొరక్క గోధుమపిండితో చేసిన వినాయకుడికి ఉండ్రాళ్ళు నైవేద్యం పెట్టి, నిమజ్జనానికి ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు కాబట్టి కూర్చున్నచోటునుంచే చెయ్యి చాపి వదిలేశాం. పిల్లచేపలు చుట్టుముట్టి తొండం నుంచి మొదలుపెట్టి తినేశాయి.

చవితి మర్నాడు, గురువారం, ఇత్తడి ముల్లు కిందికి జారింది. రేడియోలో తుఫాను మా వైపే అని, ఆదివారానికి చేరుతుందని చెప్పారు. అలాంటప్పుడు పడవలన్నీ దీవి తూర్పున సముద్రం మడచెట్ల మధ్యకి చొచ్చుకుపోయే వాగులో దూరి, చెట్ల మొదళ్ళకి నాలుగువైపులా తాళ్ళు కట్టుకుంటాయి. ముందు వచ్చినవాళ్ళది చోటు. శుక్రవారం అతిథుల్ని విమానం ఎక్కించి అట్నుంచటే వాగులోకి పోదామని నాన్న అన్నాడు. అంకుల్ రేడియో ఫోనులో కనుక్కుంటే శుక్రవారమూ సీట్లున్నాయి, శనివారం పొద్దున విమానంలోనూ ఉన్నాయి.

అమ్మ అప్పటికే ఆంటీకి పెట్టడానికి పసుపూ కుంకుమా జాకెట్టు ముక్కా తీసి ఉంచింది.

"శుక్రవారం పూట ఆడపిల్లని గుమ్మం దాటిస్తామాండీ? రేపొక్క రోజు ఆగితే ఏం కొంప మునుగుతుంది?"

"పడవకి గుమ్మం ఎక్కడుందే?" అన్నాడు నాన్న.

అందరూ నవ్వారు. ఆంటీ కూడా నవ్వుతూ, అన్నయ్యకి నన్ను తోలెయ్యాలని తొందరగా ఉంది వదినా, అంది. ఆ మాటతో నాన్న శనివారానికి ఒప్పుకున్నాడు. ఇంటికొచ్చిన మనిషిని ఇంక వెళ్ళమని చెప్పడం ఆయనకి తెలియని పని; ఆరేళ్ళలో ఏ అతిథినీ గడువైపోయిందని దింపలేదు. శుక్రవారం బొబ్బట్లు చేసింది అమ్మ. సముద్రం అద్దంలా ఉంది. ఒక్కొక్క పడవా మా ముందునుంచే తూర్పుకి పోతుంటే తమ్ముడూ నేనూ చేతులూపాం.

శనివారం పొద్దున వాళ్ళని రేవులో దింపి, పరుగెత్తి వాగు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఒడ్డునుంచి ఒడ్డుకి పడవల మీదనుంచి నడిచిపోవచ్చు, అంత కిక్కిరిసి ఉంది. నాన్న ఇద్దరు ముగ్గుర్ని బతిమాలాడు. జరగడానికి వాళ్ళకీ చోటు లేదు. వాగు మూతి బయటే లంగరు వేశాం. అక్కడికి కాస్త దూరంలో ఎలై తాత ఎప్పటిలాగే రెండు లంగర్లు దించుకుని ఉన్నాడు.

నాన్న గుండు కట్టిన తాడు వేసి లోతు చూసి, నన్ను పిలిచాడు.

"పద్దెనిమిది అడుగులు. నీళ్ళమీద మన పడవ ముక్కు ఎత్తు నాలుగు. తుఫానుకి రెండూ కలిపి పదింతల గొలుసు కావాలి. ఎంత?"

"రెండొందల ఇరవై."

"మన గొలుసు?"

"నూట ముప్పై."

తక్కువెంతో ఆయన అడగలేదు. ఎలై తాత తెప్ప వేసుకుని వచ్చి సంగతి విన్నాడు. వెనక్కి పోయి తన రెండో లంగరు ఎత్తి, దాని గొలుసు విప్పి, రెండుసార్లుగా తెప్పలో మోసుకొచ్చాడు. కొలిస్తే సరిగ్గా తొంభై అడుగులు. నాన్న వద్దన్నాడు. మరి నీకో అన్నాడు.

"నీ పడవలో పిల్లల మంచాలున్నాయి," అన్నాడు తాత. "నాదాంట్లో నా చెప్పులున్నాయి. మంగళవారం తిరిగిచ్చెయ్."

దాన్ని మా గొలుసుకి కలిపాక నాన్న మమ్మల్ని ఒడ్డుకి తీసుకెళ్ళాడు. కొండమీద బడిలో తలదాచుకున్నాం. నాన్న రమ్మని ఎంత పిలిచినా తాత రాలేదు, పడవ విడిచి ఏ తుఫానుకీ పోలేదన్నాడు. ఆదివారం మధ్యాహ్నానికి బడి రేకులు లేచిపోయాయి. బల్లలకింద అమ్మ మా ఇద్దరి తలలమీదా చేతులు పెట్టుకుని కూర్చుంది.

సోమవారం దిగివచ్చి చూస్తే, వాగు లోపలి పడవలు చాలామటుకు ఒకదానిమీద ఒకటి పడి దెబ్బలు తిన్నా తేలుతూనే ఉన్నాయి. గౌతమి తెరచాప కొయ్య ఒక్కటే నీళ్ళమీద వాలి కనబడింది. ఒక్క లంగరు మీద నిలిచిన తాత పడవ రాళ్ళమీద చెక్కలు చెక్కలుగా ఉంది. తాత మూడోరోజు మడచెట్ల వేళ్ళ మధ్య దొరికాడు. నాన్నా ఇంకో నలుగురూ మోశారు.

ఆంటీ వాళ్ళు క్షేమంగా చేరామని ఉత్తరం రాశారు. మేం వర్జీనియా వచ్చాక నాన్న గోడౌన్‌లో పెట్టెలెత్తాడు, అమ్మ ఇండియన్ షాపు వెనకగదిలో కూరలు వండింది. ఆ శుక్రవారం గురించి నాన్న అమ్మని ఒక్క మాట అనలేదు. అని ఉంటే అమ్మకి బదులు చెప్పే వీలుండేది. ఇరవై ఆరేళ్ళు ఒకే ఇంట్లో ఆ మాట అనకుండానే బతికి, ఇద్దరూ ఏడాది తేడాలో పోయారు.

నేను కాలేజీ గడప తొక్కలేదు. ఇక్కడి కొట్లకి లెక్కలు చూస్తాను, తేడా వస్తే దొరికేదాకా వదలను. పెద్దయ్యాక గౌతమి లెక్క కూడా మళ్ళీ వేశాను. మేం కొలిచింది శనివారం లోతు. తుఫానులో సముద్రం ఆరడుగులు పొంగింది. ఇరవై రెండు కాదు, ఇరవై ఎనిమిది. కావలసింది రెండొందల ఎనభై. తాత ఇచ్చింది కలుపుకున్నా ఇంకా అరవై అడుగులు తక్కువ. ఆయన గొలుసు మమ్మల్ని కాపాడగలిగేది కాదు, ఆయన్ని కాపాడి ఉండేదేమో.

మొన్న చలికాలం వెళ్ళివచ్చాను. వాగులో ఇప్పుడు మామూలు రోజుల్లో ఎవర్నీ కట్టుకోనివ్వరు, మడచెట్లు సగం ఎండిపోయాయి, పెసరట్లు వేసే పడవ గురించి విన్నవాళ్ళు రేవులో ఎవరూ లేరు. తాత మనవరాలు ఫెర్రీలో టికెట్లు ఇస్తుంది. నేనెవరో చెప్పి, గొలుసు కొనిస్తానన్నాను. ఆమె టికెట్టు నా చేతిలో పెట్టి, పడవ లేనివాళ్ళకి గొలుసెందుకు, అంది. వెనక వరుస పెరుగుతోంది, పక్కకి జరిగాను. గౌతమి శిథిలాన్ని క్రేన్‌తో తీసినప్పుడు గొలుసుని ముక్కలుగా కోసి పాత ఇనుములో వేశారట. కాబట్టి ఇవాళ్టికీ మేం ఇవ్వవలసింది గొలుసు తొంభై అడుగులు.