ఆత్మ కట్టుకున్న మిల్లు బట్ట

మొన్న కరీంనగర్‌లో ఒక బట్టల దుకాణంలో మా ఆవిడ దిండు గలీబుల కోసం మల్లు బట్ట బేరమాడుతోంది. సేటు బట్ట తాను విప్పి బల్ల మీద ఒక్క దులుపు దులిపాడు. కొత్త మిల్లు గంజి వాసన గుప్పున కొట్టింది. నాకు నవ్వు ఆగలేదు. ఆ నవ్వుకు వీధి చివర జట్కా గుర్రం బెదిరిందని నేను చెప్తాను, మా ఆవిడ ఒప్పుకోదు. "ఏమైందండీ?" అని అడిగింది. "మా బాపు దయ్యం గుర్తొచ్చింది" అన్నాను. సేటు ఇంకో మాట లేకుండా బేరానికి దిగివచ్చాడు. దయ్యంతో పాటు గుర్తొచ్చిన మనిషి రాజలింగం సారు. ఆయన లేకపోతే నేను ఆ దయ్యానికి ఇప్పటికీ భయపడుతూనే ఉండేవాణ్ణి.

మంచిర్యాల హైస్కూల్లో నేను ఉద్యోగంలో చేరిన కొత్త రోజులవి. రాజలింగం సారు మాకు నేత మాస్టరు. పిల్లలకు నూలు వడకడం, మగ్గం మీద నేయడం నేర్పేవాడు. డిగ్రీలు లేవు. సిరిసిల్ల వైపు నేతగాళ్ల ఇంట్లో పుట్టడమే ఆయన చదువు. అందుకని స్టాఫ్‌రూంలో చిట్టచివరి కుర్చీ ఆయనది. దానికి మూడే కాళ్లు, నాలుగో కాలి పని ఆయన మోకాలు చేసేది. ఎదుటి మనిషి బట్టను రెండు వేళ్ల మధ్య నలపనిదే ఆయనకు మాట పెగిలేది కాదు. ఒకసారి తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టర్ షేర్వాణీ అంచు పట్టుకుని, "పేక పల్చగున్నది సాబ్, మిమ్ములను మోసం జేసిన్రు" అన్నాడు. దాంతో సారు ఇంక్రిమెంటు ఏడాది ఆగింది. నేను చెప్పేటప్పుడు మూడేళ్లంటాను.

ఆ రోజుల్లో స్టాఫ్‌రూం రెండు పార్టీలుగా చీలి ఉండేది. ఆత్మలు వచ్చి కనబడతాయనేవాళ్లకు నేను నాయకుణ్ణి, అదంతా బూటకమనేవాళ్లకు సైన్సు మాస్టరు. పాత బీరువాలో నైజాం కాలం నాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది. వెనకట సీమదేశాల్లో చీకటి గదుల్లో జనం చేతులు పట్టుకుని కూర్చుంటే ఆత్మలు తెల్లగా ఆకారం దాల్చి నిలబడ్డాయని అందులో రాసి ఉంది. ఫోటోలు కూడా ఉన్నాయి. చెదలు తినగా మిగిలిన ప్రతి అక్షరం నాకు కంఠతా వచ్చు.

"పెద్ద పెద్ద డాక్టర్లు, వకీళ్లు కండ్లార చూసి సంతకాలు పెట్టిన్రు. అందరూ పిచ్చోళ్లేనా?" అని బల్ల గుద్దాను.

"పిచ్చోళ్లు కాదు, చీకట్ల కూసున్నోళ్లు" అన్నాడు సైన్సు మాస్టరు. "దీపం పెట్టినంక వచ్చిన ఆత్మ ఒక్కటి చూపెట్టు."

మూల నుంచి రాజలింగం సారు చెయ్యి చాపాడు. "ఏదీ, ఆ బొమ్మ జర ఇటియ్యి తమ్మీ." కిటికీ వెలుతురులో పెట్టి భూతద్దంతో చాలాసేపు చూసి నన్ను పిలిచాడు. "మల్లేశం, గీ ఆత్మకు మడత గీతలున్నయేంది? పెట్టెల నాలుగు మడతలు పెట్టి తీసిన గుడ్డ తీరున్నది. గిదో, పక్కంచు గూడ కనబడ్తున్నది. పడుగు పేక లేకుంట అంచు రాదు తమ్మీ. ఇది ఎవలో నేసిన్రు."

స్టాఫ్‌రూం ఘొల్లుమంది. నేను మాత్రం పుస్తకం లాక్కుని మూసేశాను. ఓడిపోయినందుకు కాదు. సాయంత్రం ఆయన మగ్గం దగ్గరికి పోయి, ఎవరికీ చెప్పని సంగతి చెప్పాను.

మంథని అవతల వాగు దాటితే మా ఊరు. సేద్యం వదిలి నౌకరీకి పోతున్నానని మా బాపు మండిపడ్డాడు. "పో, మల్ల నాకు మొకం సూపియ్యకు" అన్నాడు. ఆ వానాకాలమే ఆయన మంచాన పడ్డాడని నాకు కబురొచ్చింది. నేను పోయేసరికి వాగు నిండుగా పారుతోంది. రెండు రోజులు గట్టు మీద కూర్చున్నాను. ఆ వాగు వెడల్పు నేను చెప్పినప్పుడల్లా పెరుగుతుంది కాబట్టి ఇక్కడ రాయను. నీళ్లు దిగి నేను దాటేసరికి బాపు బూడిదయ్యాడు. తర్వాత మంచిర్యాలలోనే కచేరీ నౌకరీ నుంచి రిటైరైన పేష్కార్ సాబ్ ఒకాయన ఆదివారం మధ్యాహ్నాలు ఆత్మల్ని పిలుస్తాడని తెలిసి పోయాను. కిటికీలకు గొంగళ్లు కట్టిన గదిలో తెర తొలగింది. తెల్లగా బాపు వచ్చాడు. నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. అప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు. నలభై శేర్లు తగ్గానని చెప్పుకునేవాణ్ణి. అంత తగ్గితే మిగిలేది చొక్కా ఒక్కటే.

"పేష్కార్ సాబ్ ఎవరి దగ్గరా పైసా తీసుకోడు సార్. అబద్ధమాడితే ఆయనకేం లాభం?" అన్నాను.

"పైసలొక్కటేనారా మనిషికి గావాల్సింది? నౌకరీ దిగిపోయినంక సలాం కొట్టేటోడు లేడు. గిప్పుడు వారం వారం ఇరవై మంది గాయిన గడపల చేతులు కట్టుకొని కూసుంటున్రు." నూలు కండె పక్కన పెట్టి నా వైపు తిరిగాడు. "నీ ముచ్చటంతా ముందుగాల్నే చెప్పినవా ఆయనకు?"

చెప్పాను. పుట్టినప్పటి బరువుతో సహా.

తర్వాతి ఆదివారం సారే నా వెంట వచ్చాడు. అదే చీకటి గది, అవే ఊదుబత్తీలు. పేష్కార్ సాబ్ "ఆయియే, ఆయియే" అని పిలిచాడు. తెర తొలిగి తెల్లటి ఆకారం కదిలొచ్చింది. అది నన్ను దాటి మొహం తిప్పుకుని పోతుంటే, రాజలింగం సారు కూర్చున్నచోటి నుంచే చెయ్యి చాపి దాని కొంగు రెండు వేళ్ల మధ్య నలిపాడు. ఇన్‌స్పెక్టర్‌కు చేసినట్లే. ఆకారం ఒక్క క్షణం ఆగింది, చిన్నగా దగ్గింది, గబగబా తెర వెనక్కి పోయింది.

బయటికొచ్చి రైలు గేటు దాకా నడిచాక సారు చెప్పాడు. "మిల్లు బట్ట తమ్మీ. కొత్తది. ఒక్క ఉతుకు గూడ పడలే, వేళ్లకు గంజి అంటింది. మీ బాపు ఎన్నడన్న మిల్లు బట్ట కట్టిండా?"

"జన్మల కట్టలే. మా ఊరి మగ్గం దోతే."

"మరి సచ్చినంక కడ్తడా?"

"అంటే ఆత్మలు లేవా సార్?"

"గది నాకేమెరుక? నాకు గుడ్డ ఎరుక, గుడ్డ సంగతి చెప్పిన. నీ మీద మొకం తిప్పుకున్నది గా గుడ్డ, మీ బాపు గాదు. మీ బాపు ఏమనుకున్నడో ఆయన పక్కపొంటి ఉన్నోళ్లను అడుగు. మీ అవ్వను అడిగినవా?"

అడగలేదు. ఏడాదిగా అడగలేదు. జవాబు వచ్చేసిందనుకున్నాను కదా.

శనివారం పెద్దపల్లి రైలెక్కి, మంథని బస్సు పట్టుకుని, వాగులో చీలమండల దాకా నీళ్లలో నడిచి ఇంటికి చేరాను. అవ్వ, అంటే మా అమ్మ, చేటలో పెసర్లు చెరుగుతోంది.

"అవ్వా, బాపు పొయ్యేటప్పుడు నా గురించి ఏమన్నడు?"

చేట ఆగింది. "గా మాట గిప్పుడు అడుగుతున్నవా కొడుకా? అడుగుతవేమోనని ఏడాది సంది సూస్తున్న. నీకే ఆయన మీద కోపం పోలేదనుకున్న." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఏమంటడు? గడియకోసారి వాగు దిగిందా, వాగు దిగిందా అని ఒకటే అడుగుడు. దిగలే అంటే, 'పోరడు తొందరపడి నీళ్లల్ల దిగుతడు, రావద్దని కేకెయ్యుండ్రి' అన్నడు. మీ చిన్నాయిన గట్టుకు పొయ్యి మొత్తుకున్నడు గని, ఆ హోరుల నీకేమినబడ్తది?"

ఆ పూట నేను పద్నాలుగు జొన్న రొట్టెలు తిన్నాను. ఇది మాత్రం పెంచి చెప్పడం కాదు, కావాలంటే అవ్వ ఉన్నప్పుడు అడగాల్సింది. తిని వాకిట్లోనే మంచం వాల్చుకుని పడుకున్నాను. ఏడాది నిద్రంతా ఆ ఒక్క మధ్యాహ్నమే పోయాను.

రాజలింగం సారు పోయి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ ఎవరైనా వచ్చి, ఫలానా ఆయన నీ మీద కోపంగా ఉన్నాడట అంటే, నేను చర్చ పెట్టుకోను. చెప్పులేసుకుని ఆ ఫలానా ఆయన ఇంటికే పోతాను. సగం మంది "కోపమేంది?" అని అన్నం పెట్టి పంపుతారు. మిగతా సగం మందికి నిజంగానే కోపం ఉంటుంది. అయినా వాళ్లు కూడా చాయ్ ఇస్తారు.