ముందే బయల్దేరిన పెట్టె

మా ముందుగదిలో కుర్చీకీ కిటికీకీ మధ్య ఒక నీలంరంగు సూట్‌కేసు వచ్చి కూర్చుంది. చక్రాలు, అంకెల తాళం, పైన ఎర్ర రిబ్బను. మా తమ్ముడి కూతురిది. పై చదువుకి కెనడా వెళ్ళాల్సిన పిల్ల. వీసా ఇంకా రాకముందే పంతులుగారు మంచిరోజు చెప్పేశారు, అది దాటితే మూఢం అన్నారు. అందుకని ప్రస్థానం పెట్టారు. అంటే, మనిషి బయల్దేరడానికి వీలుకానప్పుడు ఆ మంచివేళకి సామానుని వేరే ఇంటికి సాగనంపుతారు. సామాను కదిలితే మనిషి కదిలినట్టే. ఇక అది మళ్ళీ సొంత గడప తొక్కకూడదు. ప్రయాణం ఎప్పుడైతే అప్పుడు అక్కణ్ణించే తీసుకుపోవాలి. పెట్టె మా ఇంటికి వచ్చింది, వీసా మాత్రం రాలేదు. కాదన్నారు. ఈలోగా పిల్ల ఫోను స్టేటస్‌లో పెట్టె ఫొటో, పక్కన విమానం బొమ్మ పెట్టి బరంపురమంతా చాటేసింది. ఆపైన గదిలోంచి బయటికి రావడం మానేసిందట. వాళ్ళమ్మ నాకు ఫోన్ చేసింది. "వదినా, నువ్వొకపాలి సెప్పి సూడు. ఆ సిగ్గేటో నీకు తెల్సు కదా" అంది.

తెలుసు. తెలియకేం. పాతికేళ్ళ నాడు నా పెట్టె కూడా ఇలాగే నాకంటే ముందు బయల్దేరింది.

నాకు ఇంగ్లండులో సీటు వచ్చింది. సముద్రతీరాల గురించిన చదువు. ప్రస్థానం ఏ దిక్కున పెట్టాలన్నది మా ఇంట్లో పెద్ద పంచాయితీ అయింది. ఇంగ్లండు పడమర అన్నాడు తాతయ్య. అట్లాసు తెచ్చి వాయవ్యం అన్నాడు నాన్న. ముందు ఎక్కాల్సింది మద్రాసు బండి కాబట్టి దక్షిణం అంది అమ్మ. చివరికి తాతయ్యే గెలిచాడు. పడమట మాకు చనువున్న ఇల్లు మా మేనత్తది ఒక్కటే. తాతల నాటినుంచీ ఈ ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళం, సగం ఆచారాలు మావి, సగం ఇరుగుపొరుగు ఒడియా వాళ్ళవి. శుభం ఎక్కడ దొరికినా వదలం. ప్రయాణం ముందు పెరుగూ చేపా కంటబడితే మంచిదని ఎదురింటి ఒడియా పిన్నిగారు మాఉసి నమ్మకం. ఆవిడ గిన్నెతో పెరుగూ, పళ్ళెంలో ఒక చేపా తెచ్చి రిక్షా ముందు నిలబడింది. చూడాల్సింది ఎవరు? నేను అరుగు మీద ఉన్నాను, రిక్షా ఎక్కింది పెట్టె. పెట్టెకే చూపించారు. వీధి వీధంతా వాకిళ్ళలోకి వచ్చి నా పెట్టెకి చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. ఆ రోజు నాకంటే గర్వంగా ఉన్నవాళ్ళు గంజాం జిల్లాలో లేరు.

ఆ రోజుల్లో వీసాకి మద్రాసు వెళ్ళి ఇంటర్వ్యూకి కూర్చోవాలి. విశాఖపట్నంలో విదేశీ చదువుల సలహాదారునని బోర్డు పెట్టుకున్న ఒకాయన నాకు జవాబులు బట్టీ పట్టించాడు. వరసగా అప్పజెప్పడమే తరువాయి. అక్కడున్న అధికారి ఆ వరసలో అడగలేదు. ఏం చదవబోతున్నావంటే నేను ఆ దేశాన్ని పొగిడాను. ఖర్చు ఎవరు పెడతారంటే విశ్వవిద్యాలయం చరిత్ర చెప్పాను. చదువయ్యాక మీ ఊరికి తిరిగొచ్చి ఏం చేస్తావని అడిగాడు. బట్టీలో ఉన్నదే చెప్పాను: బరంపురం శరవేగంగా ఎదుగుతున్న పారిశ్రామిక నగరమని. ఏ పరిశ్రమలు అన్నాడు. అది బట్టీలో లేదు. నా నోట "అప్పడాలు" అని వచ్చింది. ఆయన నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

వీసా కాదన్న కాగితం చేతిలో పెట్టుకుని తిరిగొచ్చాను. స్టేషన్ బయట నా పెట్టెని తీసుకెళ్ళిన రిక్షా అతనే ఎదురయ్యాడు. "కెబె జిబొ మా?" అన్నాడు ఆప్యాయంగా, ఎప్పుడు వెళ్తున్నావమ్మా అని. పాపం, మంచి మనసుతోనే అడిగాడు. నాకు మాత్రం రిక్షాలో కూర్చున్నంతసేపూ వీపు మండింది. ఇక ఆ ప్రశ్న ఊరంతటిదీ అయింది. కూరలమ్మే ఆవిడా, సన్మానం చేసి శాలువా కప్పిన మా కాలేజీ మేష్టార్లూ, చివరికి గుళ్ళో పూజారీ. అమ్మ "టిక్కెట్టు దొరకాల" అని కొన్నాళ్ళు నెట్టుకొచ్చింది. అమ్మ అబద్ధమాడుతుంటే వినడం, వీసా కాదన్నదానికంటే కష్టంగా ఉండేది. నా మంచిబట్టలన్నీ ఆ పెట్టెలోనే ఉండిపోయాయి. దాన్ని ఇంటికి తేకూడదు, నేను అక్కడికి వెళ్ళలేను. పొలసరలో చుట్టాల పెళ్ళికి కట్టుకోడానికి మంచి చీర లేదనే వంకతో మానేశాను. అద్దంలో చూసుకోవడం మానేశాను. సిగ్గంటే మొహం ఎర్రబడటం అనుకుంటారు చాలామంది. కాదు, సొంత వీధిలో దొంగలా నడవడం.

ఒకరోజు మేనత్త కబురు పంపింది, నీ పెట్టె కారుతోంది, వచ్చి చూసుకో అని. వెళ్ళక తప్పింది కాదు. ఆవిడ నా పెట్టెని పీట మీద పెట్టి, బొట్టు పెట్టి, రోజూ తడిగుడ్డతో తుడుస్తోంది. ఇంట్లో చిన్నపిల్లలు ఎవరైనా దాని మీద కూర్చుంటే ఒప్పుకునేది కాదట. ఇద్దరం నేల మీద కూర్చుని తెరిచాం. ఆవకాయ నూనె రెండు స్వెట్టర్లు తాగేశాయి. కందిపప్పుకి పురుగు పట్టింది. అప్పడాలు మెత్తబడి ఒకదానికొకటి అంటుకుపోయాయి. అప్పడాలు చూడగానే నాకు ఏడుపొచ్చింది. అత్తకి కారణం అర్థం కాలేదు, అప్పుడు చెప్పాను మద్రాసులో జరిగినదంతా. అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

ఆవిడ నూనె పీల్చిన స్వెట్టరు పిండుతూ వింది. అంతా అయ్యాక, "మరి నిజంగా ఎందుకెల్దామనుకున్నావే?" అని అడిగింది.

సోనేపూర్ మా అమ్మ పుట్టిన ఊరు. అక్కడ బాహుదా నది సముద్రంలో కలిసేచోట ఇసక మేటవేసి నోరు మూసుకుపోతూంటుంది, మళ్ళీ ఇంకెక్కడో తెరుచుకుంటుంది. ఒకసారి మా మావయ్య పడవ ఆ మేట తగిలి బోల్తా కొట్టడం నేను ఒడ్డున నిలబడి చూశాను. ఆయన ఈదుకొచ్చాడు, వల పోయింది. నది అలా ఎందుకు చేస్తుందో, ముందే కనిపెట్టే దారుందో లేదో తెలుసుకోవాలని ఆ రోజే అనుకున్నాను. ఇదే చెప్పాను అత్తకి.

"ఈ మాట ఆడికి సెప్పలేదేటి?" అంది.

సిగ్గేసిందన్నాను. అంత పెద్ద ఆఫీసులో, చల్లటి గదిలో, వలలూ ఎండుచేపలూ అని ఎలా చెప్తానన్నాను. ఆ మాట నా చెవులకే కొత్తగా వినబడింది. కాదన్నాక పట్టుకున్న సిగ్గు కాదు నాది. మా ఊరంటే, మావాళ్ళ చేపల వాసనంటే, నా నోట వచ్చే 'ఏటి', 'సూడు' యాసంటే నాకు అంతకు ముందునుంచే సిగ్గు. దాన్ని దాచడానికే పారిశ్రామిక నగరాన్ని బట్టీ పట్టాను.

అత్త స్వెట్టరు దులిపి పక్కన పెట్టింది. తర్వాత, "ఆడు నిన్ను సూసిందెంతసేపే? పాలు పొంగినంతసేపు. ఆమాత్రానికి నువ్వు ఇన్నాల్లు మొకం దాసుకుంటావా? పెట్టి ఎల్లిపోనాది. ఎల్లిన పెట్టి ఎనక్కి రాదు. నువ్వే దానెనకాల ఎల్లాల" అంది. పాడైనవన్నీ తీసి పారేసింది. పనికొచ్చేవి ఎండలో ఆరబెట్టింది. పెట్టె సగానికి తగ్గింది.

కాదన్న కాగితాన్ని అంతవరకూ సరిగ్గా చదవనేలేదు. మర్నాడు కూర్చుని చదివితే, చదువు ఉద్దేశం స్పష్టంగా లేదని రాశారు, అంతే. నువ్వు పనికిరావని ఎక్కడా లేదు. విశ్వవిద్యాలయానికి ఉన్నదున్నట్టు ఉత్తరం రాస్తే సీటు వచ్చే ఏడాదికి మార్చారు. రెండోసారి మద్రాసులో చేపల సంగతే చెప్పాను. ఇంగ్లీషు తడబడింది, కానీ అడిగినదానికే జవాబు చెప్పాను. వీసా ఇచ్చారు.

అత్త ఇంటి నుంచే బయల్దేరాను. పెట్టె ఎంత తేలికైపోయిందంటే నేనే మోసుకున్నాను. పరాయి దేశంలో రైళ్ళు మారేటప్పుడు ఆ తేలికకి ఎన్నిసార్లు దణ్ణం పెట్టుకున్నానో. అందుకే వెళ్ళే పిల్లలెవరు వచ్చినా ముందు ఇదే చెప్తాను: సర్దిన తర్వాత సగం తీసెయ్యండి. అసలు సర్టిఫికెట్లు చేతిసంచిలో ఉంచుకోండి, పెట్టెలో వద్దు. అన్నం, పప్పు వండటం ఇక్కడే నేర్చుకోండి. వెళ్ళిన కొత్తలో రోజూ ఏడుపొస్తుంది, వచ్చెయ్యాలనిపిస్తుంది, అప్పుడు ఏ నిర్ణయమూ తీసుకోకండి. క్లాసులో అర్థం కానిది అర్థం కాలేదని మొదటివారమే చెప్పండి. తర్వాత చెప్పడానికి ఇంకా సిగ్గేస్తుంది.

నిన్న మధ్యాహ్నం నేను రమ్మంటే మా మేనకోడలు వచ్చింది, ఎండకి అన్నట్టు చున్నీ మొహానికి చుట్టుకుని. ఆకాశం చూస్తే మబ్బు. పొయ్యి మీద పాలు పెట్టి, వచ్చి నేల మీద కూర్చుని, పెట్టె తెరవమన్నాను. రైస్ కుక్కరు, దాని కింద ఇంకో రైస్ కుక్కరు. ఇద్దరం నవ్వాం. ఆ నవ్వు మధ్యలోనే దాని కళ్ళు నిండాయి.

"అత్తా, నీ సిగ్గు ఎప్పుడు పోయింది?" అంది.

పూర్తిగా పోలేదే అన్నాను. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. కానీ రెండోసారి బయల్దేరినప్పుడు స్టేషన్‌కి తీసుకెళ్ళింది అదే రిక్షా అతను, ఎవరింటికి వచ్చావమ్మా అని అడిగాడని చెప్పాను. నన్నూ, నా పెట్టెనీ, పెరుగునీ, చేపనీ అన్నిటినీ మరిచిపోయాడు. నేనొక్కదాన్నే ఏడాది పొడుగునా గుర్తుపెట్టుకుని చచ్చాను.

"నిజంగా ఎందుకెల్దామనుకున్నావే?" అని అడిగాను. నా నోట అత్త మాటే వచ్చింది.

రిబ్బను వేలికి చుట్టుకుంది. తర్వాత తలెత్తకుండానే, "పొలసర్లో మా తాత టమాటాలు రోడ్డు మీద పారబోసినాడు కదత్తా, కొనీవోల్లు లేక..." అని మొదలుపెట్టింది. పంట పాడవకుండా నిలవచేసే చదువు దానిది. తాత, అంటే వాళ్ళమ్మ నాన్న, రోడ్డు మీద నిలబడ్డ సంగతి దరఖాస్తులో ఎక్కడా రాయలేదట. ఎందుకు రాయలేదని అడగలేదు నేను. వంటింట్లోంచి పాలు పొంగి మాడిన వాసన వచ్చింది, అయినా ఇద్దరం లేవలేదు. పాలు పొంగినంతసేపట్లో పడ్డ సిగ్గుని నేను ఏళ్ళ తరబడి మోశాను, దించుకోవడానికి ఆ పిల్లకి అంతసేపే పట్టింది.