కబురు చెప్పే పద్ధతి

ఆల్బనీ మాల్‌లో ఎవరో కాఫీ గింజలు వేయిస్తున్నారు. ఆ మాడు వాసనకు కాళ్లు ఆగిపోయాయి. రెండువేల దశకం తొలి ఏళ్లలో, ఇదే నగరంలో ఆ చివరనున్న పాపటోయిటోయిలో మా పక్క ఫ్లాట్‌లో ఉండే అల్మాజ్ ఆంటీ గుర్తొచ్చింది. ఇథియోపియా మనిషి. ఇద్దరం ఒకే వృద్ధాశ్రమంలో పనిచేసేవాళ్లం. సెలవు రోజున గింజలు పెనం మీద వేయించి, ఆ పొగ అందరి ముక్కుల దగ్గరా తిప్పి, మూడు విడతలు కాఫీ పోసేది. మూడోది దీవెన, అది తాగకుండా లేస్తే ఊరుకునేది కాదు. టేపులో ఒంటితీగ వాయిద్యం ఏడుస్తున్నట్టు మోగుతూ ఉండేది. మొదట్లో నాకదొక తలనొప్పి.

మా అమ్మ పోయిన కబురు గుంటూరు నుంచి ఫోన్‌లో వచ్చింది. ఫ్లాట్‌లో నేనొక్కదాన్నే ఉన్నాను. సంగతి తెలిసి పరుగెత్తుకొచ్చిన ఆంటీ మొదట ఏడవలేదు, మండిపడింది.

"ఒంటరిగా ఉన్న పిల్లకి ఫోన్‌లో చెప్పేస్తారా రూతూ? మీవాళ్లకి బుద్ధి లేదా?"

వాళ్లలో అలా చెప్పరట. ముందు ఆ కబురు వినాల్సిన మనిషి స్నేహితులకు తెలియజేస్తారు. వాళ్లు నలుగురినీ పోగేసుకుని పొద్దున్నే వెళ్లి, పట్టుకునే చేతులు చుట్టూ ఉన్నాకే నోరు విప్పుతారట. మావాళ్లను తిట్టినందుకు ఒళ్లు మండింది కానీ, ఆమె అన్నది నిజమే అనిపించింది.

ఏడాది తిరగకుండానే ఒక సాయంత్రం అడిస్ అబాబా నుంచి నాకు ఫోన్ వచ్చింది. ఆంటీని పెంచిన అన్న పోయాడు. నా నంబరు వాళ్లకు ఆమే ఇచ్చి ఉంచింది. తెల్లవారాక ఆమె చర్చివాళ్లను వెంటబెట్టుకుని తలుపు తట్టాను. మమ్మల్ని చూడగానే ఆమెకు అర్థమైందనుకుంటాను. అయినా ఏమీ అడగలేదు. ఇంజెరా, అంటే పులిసిన పిండితో పోసిన మెత్తని అట్టు, పళ్లెం నిండా పరిచింది. గింజలు వేయించింది. అడగనంతసేపూ అన్న బతికే ఉంటాడన్నట్టు కాఫీ పోస్తూనే ఉంది. మూడో విడత అయ్యాక మళ్లీ గింజలు తీసింది. అప్పుడు చర్చి పెద్దాయన లేచి టేపు ఆపేశాడు. చావు కబురు దగ్గర వాళ్లు పాట మోగనివ్వరు.

"ఎవరు?" నన్నే అడిగింది.

"అన్నయ్య, ఆంటీ."

గుండెలు బాదుకుని ఏడ్చింది. చాలాసేపటికి నావైపు తిరిగింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"నిన్న సాయంత్రం."

"రాత్రంతా ఒక్కదానివే మోశావా?" అంటూ అట్టు తుంచి, కూరలో అద్ది, నా నోట్లో పెట్టింది.

చాలా ఏళ్లకు, ఆమె మెల్‌బోర్న్ వెళ్లిపోయాక, ఆమె మేనకోడలు ఫోన్ చేసింది. "మీ పక్కన ఎవరైనా ఉన్నారా?" అంది. ఆ ఒక్క ప్రశ్నతోనే తెలిసిపోయింది. ఉన్నారని అబద్ధం చెప్పాను.

ఇప్పుడు పనిచేస్తున్న ఆసుపత్రి నుంచి అలాంటి కబురు నేనే చెప్పాల్సి వచ్చినప్పుడు, మొదట అదే అడుగుతాను. ఉన్నారని జవాబొచ్చినా, వెంటనే ఫోన్ పెట్టేయను.