మా అమ్మ దాచిపెట్టిన జుట్టు

నా చిన్నప్పుడు ఆదివారం వచ్చిందంటే మా అమ్మ నాకు కుంకుడుకాయలతో తలంటి, జుట్టు ఆరడానికి మగ్గాల గది గడప మీద కూర్చోబెట్టేది. లోపల మా నాన్న నేస్తూ ఉండేవాడు. ఎమ్మిగనూరులో మా వీధంతా నేతపని వాళ్ళదే కాబట్టి ఆ మగ్గాల చప్పుడు మాకు చప్పుడుగానే తోచేది కాదు. నా జుట్టు నడుము దాటి ఉండేది. అమ్మ దాన్ని పాయలు పాయలుగా విడదీసి, చిక్కు తీసి, సాంబ్రాణి పొగ పట్టి, జడ అల్లి కనకాంబరాలు పెట్టేసరికి మధ్యాహ్నం అయ్యేది. ఆ జుట్టు నాదని నేనెప్పుడూ అనుకోలేదు. అది మా అమ్మ పెంచుకుంటున్నది, నేను మోస్తున్నది, అంతే.

అలాంటి ఒక ఆదివారం అమ్మ చేయి నా తల వెనక ఒకచోట ఆగిపోయింది. "ఇదేంది పాపా, ఈడ ఇట్ల నున్నగుంది?" అంది. రూపాయి బిళ్ళంత మేర ఒక్క వెంట్రుక కూడా లేదు. నొప్పి లేదు, దురద లేదు. అమ్మ గోడ మీదుగా పక్కింటి సాయిబుల ఆమెను పిలిచింది. ఖాలా అంటే వాళ్ళ మాటలో పిన్నమ్మ, మేమూ ఆమెను అలాగే పిలిచేవాళ్ళం. ఖాలా పుట్టిల్లు ఆదోని. మా ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగా లేకపోయినా ముందు ఆమెకే తెలియాలి. ఆమె చూసి, పేనుకొరుకుడు అంది. ఏదో పురుగు నిద్రలో కొరికేస్తుందని, గురివింద గింజ అరగదీసి రాస్తే తగ్గుతుందని అప్పట్లో అందరూ అనుకునేవాళ్ళు. అమ్మ అరగదీసి రాసింది. మంట పుట్టింది గానీ వెంట్రుక పుట్టలేదు.

ఆ మచ్చ పక్కన ఇంకొకటి, దాని పక్కన మరొకటి వచ్చి అన్నీ కలిసిపోయాయి. పొద్దున లేస్తే దిండు మీద జుట్టు చుట్టలు చుట్టలుగా ఉండేది. అమ్మ దాన్ని పారేయలేదు. మా వైపు ఆడవాళ్ళు రాలిన జుట్టు కూడబెట్టి సవరం కట్టించుకుంటారు. అమ్మ కూడా అలాగే పాత చీర ముక్కలో మూట కట్టి గూట్లో పెట్టేది. ఆ మూట పెద్దదయ్యేకొద్దీ అమ్మ మాట తగ్గింది. నా ఎదుట తన తల దువ్వుకోవడం మానేసింది. పూలమ్మి వీధిలోకి వస్తే తలుపు దగ్గరగా వేసేసేది.

మద్దికెర దగ్గర ఒకాయన పసరు వేస్తాడని ఎవరో చెబితే అక్కడికి తీసుకుపోయింది. ఆయన నా తలంతా ఏదో ఆకు నూరి పట్టించి, కోతల కాలానికల్లా జడ వేయొచ్చునని నవ్వుతూ చెప్పాడు. ఆ నవ్వు చూసి అమ్మ ఆయన కాళ్ళకు దండం పెట్టింది. ఇంటికొచ్చేలోగా తల బొబ్బలెక్కింది. చీము పట్టి, జ్వరం వచ్చి, బడికి పోలేదు. పోయినా నా పక్కన కూర్చోవడానికి స్నేహితురాళ్ళను వాళ్ళ ఇళ్ళలో వద్దంటున్నారని అప్పటికే నాకు తెలుసు. అంటుకుంటుందని వాళ్ళ భయం. తలకు గుడ్డ కట్టుకుని, మంచం మీద పడుకుని, మగ్గం ఆడుతున్నంతసేపూ వింటూ ఉండేదాన్ని. ఆగితే నాన్న నన్ను చూడ్డానికి వస్తాడు. చూసి ఏమీ అనలేక నిలబడతాడు. అందుకని ఆగకూడదనుకునేదాన్ని.

ఖాలాయే అమ్మను కోప్పడింది. "పసరూ వద్దు, పాడూ వద్దు. మా ఆదోనిలో చర్మం డాక్టరు ఉండాడు, పెద్దాయన. పోదాం పా, నేనూ వస్తా" అని బస్సెక్కించింది. దూది కాలం అది. మార్కెట్ యార్డుకు పోయే పత్తి బండ్లు దారంతా నిండి ఉన్నాయి. గాలికి లేచిన దూది నా తల మీది గుడ్డకు అంటుకుంటుంటే అమ్మ ఏరి తీస్తూ నడిచింది.

డాక్టరు గారు ముందు పుండ్లు మాన్పారు. తర్వాత పూత మందు ఇచ్చారు. తర్వాత తల మీదే సన్నని సూదితో మందు ఎక్కించడం మొదలుపెట్టారు. ఆ నొప్పి ఇప్పుడు కూడా చెప్పలేను. అమ్మ నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళు మూసుకునేది. కొన్నాళ్ళకు నెత్తిన ఒకచోట తెల్లగా నూగు వచ్చింది. అమ్మ వీధి వీధంతా పిలిచి చూపించింది. బెల్లం పొంగలి వండి పంచింది. నాన్న ఆ రోజు మగ్గం ఎక్కలేదు. నన్ను భుజాన వేసుకుని బజారుకు తీసుకుపోయాడు. ఆ నూగు నెల తిరగకముందే రాలిపోయింది. దానితోపాటు కనుబొమలూ రెప్పలూ పోయాయి. అద్దంలో ఉన్న పిల్ల ఎవరో నాకు తెలియలేదు.

నేను చెప్పదలచుకున్నది ఆ తర్వాత ఆదోనికి పోయిన రోజు సంగతి. ఆ రోజు ఖాలా రాలేదు. అమ్మ గూట్లోంచి ఆ మూట తీసి చంకన పెట్టుకుంది. ఎందుకని నేను అడగలేదు. డాక్టరు గారు నా తల చూసి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నారో లేదో, అమ్మ ఆ మూటను ఆయన బల్ల మీద విప్పింది.

"సారూ, ఇదంతా నా బిడ్డ తల మీద ఉన్నిందే. ఒక్క ఎంట్రుక గూడ పారేయల్యా నేను. దీన్ని మళ్ళీ ఆడికి తెప్పించే మందు ఏదైనా రాయండి. ఎంత ఘాటుదైనా పరవాలేదు, తట్టుకుంటాది."

నాకు సిగ్గుతో ప్రాణం పోయినట్టైంది. ఆయన చిరాకు పడతారనుకున్నాను. ఆయన మాత్రం ఆ జుట్టును రెండు చేతుల్లోకి తీసుకుని, లేచి కిటికీ దగ్గరికి పోయి, వెలుతురులో చూశారు. చాలాసేపు చూశారు. "మంచి జుట్టమ్మా. చానా మంచి జుట్టు" అన్నారు. మళ్ళీ వచ్చి కుర్చీని నా వైపు తిప్పుకుని కూర్చున్నారు.

"పాపా, ఇన్నాళ్ళూ మీ అమ్మతోనే మాట్లాడినా. నిన్ను అడగనే లేదు. నీకేమన్నా అడగల్లని ఉందా?"

నన్ను అంతవరకు ఎవరూ ఏమీ అడగలేదు. నా నోటికి వచ్చింది ఒక్కటే. "నేనేం తప్పు సేసినాను సార్?"

ఆయన నవ్వలేదు. "ఏ తప్పూ సేయలేదు. పురుగూ కొరకలేదు, దిష్టీ తగల్లేదు. నీ ఒళ్ళే నీ ఎంట్రుకల్ని పరాయివనుకోని తోసేస్తాంది. ఎందుకట్ల సేస్తాదో ఇంత సదివిన నాకూ తెలీదు."

"మళ్ళీ వస్తాదా?"

"కొందరికి వస్తాది. నీకు వస్తాదని నేను సెప్పలేను. నా కాడుండే మందులన్నీ అయిపోయినాయి. ఇంగా సూదులు పొడిస్తే నీకు నొప్పి తప్ప ఏం మిగలదు."

అమ్మ గొంతు లేచింది. "మీరే అట్లంటే మేం యాడికి పోవల్ల సారూ? ఆడబిడ్డ. ఏమన్నా రాయండి. ఏదో ఒకటి రాయండి." ఆయన కలం ముట్టుకోలేదు. అమ్మ బల్ల అంచు పట్టుకుని అలాగే నిలబడింది. ఆమెను ఊరుకోబెట్టాలని, మా టీచరూ చుట్టాలూ నాకు నేర్పిన మాటే నేను అన్నాను. "పోనీలేమ్మా. జుట్టే కదా."

డాక్టరు గారు నా వైపు చూశారు. "జుట్టే కదా అని నీకెవరు సెప్పినారు?"

"అందరూ సెప్తారు సార్."

"వాళ్ళ జుట్టు వాళ్ళకుంది. పోయింది పెద్దదే పాపా. సిన్నదని ఎవరన్నా నువ్వు ఒప్పుకోవద్దు. ఏడుపొస్తే ఏడువు. ఈడ ఎవరూ వద్దనరు."

సూదులకు ఏడ్చాను గానీ, జుట్టు కోసం నేను అంతవరకు ఎవరి ముందూ ఏడవలేదు. అమ్మ ముందు ఏడిస్తే అమ్మ ఏమైపోతుందోనని భయం. ఆ రోజు ఏడ్చాను. అమ్మ కూడా నా పక్కన బెంచీ మీద కూలబడి నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. తలుపు తీసిన కాంపౌండరుతో బయట వాళ్ళను కాసేపు కూర్చోమని చెప్పమన్నారు ఆయన. ధైర్యంగా ఉండమనలేదు. దేవుడున్నాడనలేదు. తల వంచుకుని మాతోపాటు ఊరికే కూర్చున్నారు. మా ఏడుపు దానంతట అది సద్దుమణిగాక, ఆ జుట్టును చెదరకుండా మడిచి, చీర ముక్కలో కట్టి, రెండు చేతులతో అమ్మకు ఇచ్చారు.

వీధిలోకి రాగానే అమ్మ, "ఏం డాక్టరప్పా, బిడ్డను ఏడిపించి పంపినాడు" అంది. ఆయన్ను ఆమె ఎప్పటికీ క్షమించలేదు. ఆ తర్వాత బళ్ళారి, కర్నూలు, ఎవరే ఊరు చెబితే ఆ ఊరు తిప్పింది. రాఘవేంద్రస్వామికి ముడుపు కట్టింది. అమ్మ కోసం నేను అన్నింటికీ తల వంచాను. జుట్టు రాలేదు. నేను చదువుకున్నాను, చిన్నపిల్లలకు పాఠాలు చెప్పాను, రిటైరయ్యాను. పెళ్ళి సంగతి ఇక్కడ రాయను. అమ్మ చివరి రోజుల్లో మంచం మీద నుంచి కూడా, బెంగుళూరులో ఎవరో మంచి డాక్టరు వచ్చినాడంట, పోయి సూపించుకోని రా అంటూనే పోయింది. అప్పటికి నా వయసు యాభై దాటింది. సరే పోతానన్నాను.

ఇప్పుడు ఫోను తెరిస్తే జుట్టు మొలిపించే ప్రకటనలే. కొత్త మందులు నిజంగానే వచ్చాయట. మొన్నటేడు మా వీధిలో ఒక చిన్నపిల్లకు నాకు వచ్చినట్టే తల వెనక మచ్చ కనిపిస్తే, గింజలూ పసర్లూ ముట్టనివ్వకుండా వాళ్ళమ్మను వెంటనే డాక్టరు దగ్గరికి పంపాను. చాలామంది పిల్లలకు తగ్గినట్టే ఆ పిల్లకూ తగ్గింది. జడ వేసుకుని, పూలు పెట్టుకుని నాకు చూపించడానికి వచ్చింది. దగ్గరికి తీసుకుని ముద్దు పెట్టుకున్నాను. అది గంతులేస్తూ వెళ్ళిపోయాక తలుపు వేసుకున్నాను. ఇంత వయసొచ్చి, కాటికి కాళ్ళు చాచుకుని, జుట్టు కోసం ఏడుపేమిటని ఎవరైనా చూస్తే అంటారు. నేను మాత్రం ఆ మాట నాతో అనుకోలేదు. కూర్చుని, రావలసినంత ఏడుపూ రానిచ్చాను.