శనగ పైరు మీద మంచు

నా చిన్నప్పుడు నా మార్కుల కంటే పక్కింటి అక్క మార్కులే నాకు బాగా గుర్తుండేవి. ఆమె నాకంటే ఏడాది పెద్దది. జబ్బు చేసి ఒక సంవత్సరం బడి మానేయడంతో నేను ఎనిమిదో తరగతికి వచ్చేసరికి ఆమె కూడా అక్కడే ఉంది. లెక్కల్లో నాది పైచేయి, సైన్సులో ఇద్దరం సమానం, తెలుగులో మాత్రం ఎప్పుడూ ఆమే. ఒకే తరగతిలో కూర్చుంటూ కూడా ఆమెను ‘అక్కా’ అని పిలవాల్సి రావడం నాకు అన్నిటికంటే కష్టంగా ఉండేది.

మాది పెనుకొండ. ఆ ఏడు ధర్మవరంలో వ్యాసరచన పోటీ పెట్టారు. ఒక్కో బడి నుంచి ఒక్కరే వెళ్లాలి. ఆ ఒక్కరూ నేనే కావాలని, అంతకంటే ముఖ్యంగా ఆమె కాకూడదని నేను గట్టిగా కోరుకున్నాను. ఎవరిని పంపాలో తేల్చడానికి మా తెలుగు సార్ తరగతిలోనే చిన్న పరీక్ష పెట్టాడు. సార్‌ది గుంటూరు వైపు ఊరు. మా బడికి వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. నల్లబల్ల మీద ఆయన రాసిన ప్రశ్న ఇప్పటికీ అక్షరం పొల్లు పోకుండా చెప్పగలను.

‘శనగ పైరుకు చలికాలపు మంచు ఎలా మేలు చేస్తుంది? ఆ పైరును ఎన్నడూ వేయని రైతుకు చెబుతున్నట్టు రాయండి.’

మొదటి పది నిమిషాలు ఎవరూ పెన్ను ముట్టుకోకూడదని, ప్రశ్ననే చదువుతూ కూర్చోవాలని, అనుమానం ఉంటే తన దగ్గరికి వచ్చి అడగాలని సార్ చెప్పాడు. నాకు అది శుద్ధ దండగ అనిపించింది. మా వైపు పుట్టినవాడికి శనగ గురించి తెలియకపోవడమేమిటి? మేం ఇంట్లో శెనగ అన్నా, శెనక్కాయ అన్నా ఒకటే, మట్టిలోంచి పీకే వేరుశనగ. బల్ల కింద నోటుపుస్తకం పెట్టుకుని అప్పుడే మొదలుపెట్టేశాను. తల ఎత్తి చూస్తే పక్కింటి అక్క లేచి సార్ దగ్గర నిలబడి ఏదో మెల్లగా అడుగుతోంది. ఆమె అడుగుతూ ఉండగా నేను ఒక పేజీ ముందున్నానన్న సంతోషంతో నా చేయి ఇంకా వేగంగా కదిలింది.

నాలుగు పేజీలు రాశాను. ఎర్రమట్టి, విత్తనం, కలుపు, వాన రాని వారాలు, కాయలు పీకే కూలీలు, కాయ తెంపాక మిగిలిన కట్టె మేసే గొర్రెలు, ఉడకబెట్టిన పచ్చికాయల రుచి, ఏదీ వదల్లేదు. మధ్యలో మంచు అన్న మాట ఒక్కటే అడ్డొచ్చింది. మంచు పడితే కాయ గట్టిపడుతుందని నేనే ఒక వాక్యం కల్పించి దాన్ని దాటేశాను. రైతుకు చెబుతున్నట్టు రాయమన్న సంగతి నాలుగో పేజీ చివర గుర్తొచ్చి, ‘కాబట్టి ఓ రైతన్నా’ అని ముగించాను.

మరునాడు సార్ పక్కింటి అక్క పేరు చదివాడు. ఆమె రాసింది పేజీన్నర. బడి వదిలాక బయట ఆమె నా పక్కనే నడుస్తూ, “ఏమబ్బా, నాలుగు పేజీలు రాసినావంట. చెయ్యి నొప్పిగా ఉండాదా?” అంది.

“ఉండాదిలే. నువ్వు సార్‌ను అడిగి రాసినావు, నేను సొంతంగా రాసినా” అన్నాను.

“నేను అడిగింది రెండు మాటలే కదప్పా. మంచు పడేటప్పటికి శెనక్కాయ చేన్లో యాడుంటాది, పీకేసింటారు గదా సార్ అన్నా. మన పక్క శెనక్కాయ ఎయ్యని రైతు ఎవురున్నారు అని కూడా అడిగినా. సార్ నవ్వి, మరి ఏ శనగో నువ్వే ఆలోచించు అన్నాడు.”

ఆమె అవ్వ వాళ్లది తాడిపత్రి దగ్గర నల్లరేగడి ఊరు. అక్కడ చలికాలంలో, వాన లేకపోయినా మంచుకే కాపుకొచ్చే పప్పుశనగను ఆమె కళ్లారా చూసింది. మాది ఎర్రనేల. నాకు అది అన్యాయంగా తోచింది. అవ్వ ఊరు కలిసొచ్చి గెలిచింది తప్ప తెలివితో కాదని వెనక్కి పరిగెత్తి సార్‌తోనే అన్నాను. ఆయన కోప్పడలేదు. ఒక చిన్న కాగితం మీద ‘శనగలు అర కిలో’ అని రాసి, మా నాయన కొట్లో తీసుకురమ్మన్నాడు. తీసుకొచ్చేటప్పుడు మా నాయన ఏం చేస్తాడో చూసి రమ్మని కూడా అన్నాడు.

మాది కిరాణా కొట్టు. నాయన కాగితం చూశాడు. నేను ఆయన చేయి సంచిలోకి పోతుందని ఎదురుచూశాను. పోలేదు.

“ఎవురు రాసిచ్చిరి ఇది?” అన్నాడు.

“మా తెలుగు సారు.”

“ఆయప్పది గుంటూరు పక్క గదా. మనోళ్లు రాసింటే శెనక్కాయలు కట్టిస్తాంటి. ఆయన రాసినాడంటే పప్పుశెనగలు. ఎందుకంట, గుగ్గిళ్లకా, పప్పు చేసుకునేకా?”

“చెప్పల్యా నాయనా.”

“చెప్పల్యా, నువ్వడగల్యా?” నాయన కాగితం నా చేతికి తిరిగిచ్చాడు. “గుగ్గిళ్లకైతే పొట్టుతో ఉండేవి ఇయ్యల్ల. పప్పుకైతే బద్దలు. పో, అడుక్కోని రా. ఎవురు అడుగుతాండారు, ఏం అడుగుతాండారు, ఎందుకు అడుగుతాండారు, ఇయి తెలీకుండా సంచి ముట్టుకుంటే కొట్టు నడవదు.”

నాయన చదివింది ఐదో తరగతి. నేను నాలుగు పేజీల్లో చేయని పనిని ఆయన మూడు మాటల కాగితానికి చేశాడు. కాగితం పట్టుకుని మళ్లీ బడికి నడిచాను. సార్ ‘గుగ్గిళ్లకు’ అని ఒక్క మాట చెప్పి, ఇంకేమీ అడగకుండా నన్ను పంపేశాడు.

పాఠం అర్థమైంది, అసూయ మాత్రం తగ్గలేదు. పోటీ రోజు సార్ ఆమెను ధర్మవరం బస్సెక్కించుకుపోయాడు. నేను పొద్దంతా కొట్టు ముందు తిరుగుతూ, ఆమె ఓడిపోవాలని మొక్కుకున్నాను. సాయంత్రం ఆమె బస్సు దిగి వస్తుంటే ఎదురెళ్లాను. బహుమతి వచ్చిందా అని అడుగుదామనే వెళ్లాను. నా నోటి నుంచి మాత్రం, “ఏం అడిగినారక్కా?” అని వచ్చింది.

ఆమె అక్కడే మా కొట్టు మెట్టు మీద కూర్చుంది. “మగ్గం నేసే మనిషికి ఒక జాబు రాయండి అన్నారు. ధర్మవరం కదా, నేను పట్టుచీర గురించి బలే రాసినా. అంచు, కొంగు, జరీ, అన్నీ. బస్సులో వచ్చేటప్పుడు తెలిసింది, వాళ్లు చీర గురించి అడగలేదు. మనిషికి రాయమన్నారు. ఆయప్పను నేనొక్క మాటన్నా పలకరించలేదు. ఇంక బహుమతి యాడొస్తాది?” ఆమె నవ్వాలని చూసింది, నవ్వు రాలేదు. కళ్లు తుడుచుకుంది.

ఆ క్షణంలో నాకు ఎంత సంతోషం కలిగిందో నాకు తెలుసు. వెంటనే దాని వెనకే సిగ్గు కూడా వచ్చింది. ఏం చేయాలో తెలియక ఆమె పక్కన కూర్చున్నాను. ఆ మనిషిని ఏమేం అడిగి ఉండొచ్చో ఇద్దరం చెప్పుకోవడం మొదలుపెట్టాం. నడుము నొప్పి ఉందా, పిల్లలు మగ్గం నేర్చుకుంటామంటున్నారా, తను నేసిన చీర ఎవరైనా కట్టుకుని ఎదురైతే గుర్తుపడతాడా అని. ఆమెకు తోచనివి నాకు రెండు తోచాయి. నాకు తోచనివి ఆమెకు చాలా తోచాయి.

ఇప్పుడు నేను హిందూపురంలో యంత్రాల విడిభాగాలు చేసే చోట పని చేస్తున్నాను. పక్క బల్ల వాడి డ్రాయింగు ఎంపికై నాది పక్కకు పోయినప్పుడు కడుపులో ఆ పాత మంటే లేస్తుంది. అప్పుడు లేచి వెళ్లి, కొనేవాళ్లు పంపిన కాగితం తెచ్చుకుని, వాళ్లు అసలేం అడిగారో మొదటి నుంచి చదువుతాను. చాలాసార్లు నేను వాళ్లు అడగనిదాన్ని బాగా చేసి ఉంటాను. మంట మెల్లగా చల్లబడుతుంది. కానీ పక్కింటి అక్క ఏడుస్తుంటే నాకు కలిగిన ఆ క్షణం సంతోషాన్ని ఆమెకు ఇప్పటిదాకా చెప్పలేదు. అడిగినదాన్ని సరిగ్గా చదవడం నాకు సార్, నాయన ఇచ్చారు. ఆ సిగ్గు మాత్రం నేను సొంతంగా సంపాదించుకున్నది, దాన్ని ఎక్కడా దింపుకోలేదు.