తొంభై తొమ్మిది గొర్రెల కాపలా

ఆ ఆదివారం మా సిరొంచ చర్చిలో ప్రార్థన ముగిసి, చాపల మీది ముసలమ్మలు మొదలు గుమ్మం దగ్గరి చిన్నపిల్లల దాకా అందరూ గట్టిగా ఆమేన్ అన్నప్పుడు నేనొక్కదాన్నే అనలేదు. పెదవులు కదిపాను, శబ్దం మాత్రం రానివ్వలేదు. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, పక్కనే కూర్చున్న మా మేనత్తకు కూడా. అప్పట్లో మా ఆడపిల్లల కోపాలు అట్లాగే ఉండేవి. లోపల పొయ్యి మండుతున్నా పైకి కొంగు సర్దుకుని కూర్చోవడమే. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు వస్తుంది. కాని నిజం చెప్పాలంటే, ఆ నవ్వుకు ముందు ఇప్పటికీ ఒకసారి కోపం వచ్చి పోతుంది.

అప్పుడు నాకు పదిహేడేళ్ళు. ఎవరైనా పేరడిగితే కాలి బొటనవేలికి చెప్పుకునే రకం. చదువు పిచ్చి మాత్రం విపరీతం. కొట్లో బెల్లం కట్టి ఇచ్చిన పొట్లం కాగితాలు కూడా విప్పి, చీమలు దులిపి చదివేదాన్ని. అలాంటి నేను ఆదివారం పొద్దున చర్చి వెనక ఇప్పచెట్టు కింద పిల్లలకు బైబిలు కథలు చెప్పేటప్పుడు మాత్రం ఎవరో మరొకతెలా మారిపోయేదాన్ని. వారమంతా మింగిన మాటలన్నీ అక్కడే బయటికి వచ్చేవి. ఆ కాసేపు లేకపోతే నాకు నోరుందన్న సంగతి ఊళ్ళోవాళ్ళకే కాదు, నాకూ తెలిసేది కాదు.

మా ఉపదేశిగారు గోదావరి జిల్లా నుంచి వచ్చినవాడు. మంచి గొంతు, మంచి తెలుగు, ఎండాకాలంలో కూడా విప్పని నల్లకోటు. (ఆ కోటులో ఆయన చెమటతో తడిసి ముద్దవుతుంటే, మా వాళ్ళు అది పరిశుద్ధాత్మ ఆవేశమని అనుకునేవారు.) ఆయన ఇంకా ఉపదేశే, పూర్తి పాదిరి అయ్యగారు కాలేదు. చాందా పట్నం నుంచి పెద్దయ్యగారు వచ్చి, ప్రసంగం విని, తగునని తేలిస్తేనే ఆ పదవి. అందుకని ఆయన ఏడాదిగా కంటిమీద కునుకు లేకుండా మంచి ప్రసంగం ఒకటి వెతుక్కుంటున్నాడు.

ఒక ఆదివారం నేను తప్పిపోయిన గొర్రె కథ చెబుతున్నాను. నూరు గొర్రెలున్న కాపరి, ఒకటి తప్పిపోతే తొంభై తొమ్మిదింటిని అడవిలో విడిచి దానికోసం వెళ్ళాడన్నాను. ముందు వరసలో కూర్చునే పిల్ల ఒకతె ఉండేది. నోరు మూతపడదు కనుక అందరూ చిలుకమ్మ అనేవారు. అది లేచి నిలబడింది.

"అక్కా, ఆయనకు బుద్ధి ఉన్నదా? ఒక్కదాని కోసం పోతే, ఆ తొంభై తొమ్మిదింటిని పులి తినదా?"

మా పక్క అడవుల్లో పులి కథల్లోది కాదు, పొరుగువాడి దూడను నిజంగా ఎత్తుకుపోయేది. ఆ పిల్లకు ఏం చెప్పాలి? అప్పుడే నాకు తట్టింది. గొర్రె దొరికాక ఆ కాపరి పొరుగువాళ్ళనే ఎందుకు పిలిచాడు సంతోషించడానికి? మా వాడలో అందరి మేకలూ గొర్రెలూ ఒకే మందగా కలిపి, రోజుకో ఇంటివారు వంతు ప్రకారం మేపుతారు. ఆ కాపరికీ అట్లాంటి పొరుగువాళ్ళు ఉండే ఉంటారు. "వాళ్ళకు చెప్పి పోయిండే పిల్లా. తొంభై తొమ్మిదింటిని కాసింది వాళ్ళే" అన్నాను. పిల్లలందరూ హమ్మయ్య అని ఊపిరి వదిలారు.

కథ అక్కడికి వచ్చిందో లేదో, ఇప్పచెట్టు వెనక నుంచి నల్లకోటు బయటికి వచ్చింది.

"ఏమిటమ్మాయ్ ఇది? లేఖనంలో లేని మనుషుల్ని నీ ఇష్టం వచ్చినట్టు దింపేస్తావా? ఆపు! ఇక మీదట పిల్లల పాఠం నేనే చూసుకుంటాను."

నేను బొటనవేలి వైపు చూశాను. అది కూడా నా తరఫున ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత ఆదివారాల్లో ఆయన పిల్లలచేత వచనాలు బట్టీ పట్టిస్తుంటే, నేను చర్చి మెట్ల మీద కూర్చుని వింటూ ఉండేదాన్ని. ఇంట్లో మళ్ళీ నా మాటలు తగ్గిపోయాయి. మేనత్త వేడి నీళ్ళు కాచి, జ్వరమేమోనని నుదురు పట్టి చూసింది.

పెద్దయ్యగారు వచ్చిన ఆదివారం చర్చి కిటకిటలాడింది. ఉపదేశిగారు గొంతు సవరించుకుని, చేతులు చాచి అడిగాడు: "సహోదరులారా! ఆ తొంభై తొమ్మిదింటిని ఎవరు కాశారు? ఎప్పుడైనా ఆలోచించారా? పొరుగువారు! సంఘం! మీరు!"

నాకు చెవులు వేడెక్కాయి. అది నాది! లేఖనంలో లేని మనుషులట! నెల తిరక్కుండా వాళ్ళు కోటు తొడుక్కుని వేదిక ఎక్కేశారు. పైగా మేనత్త కళ్ళు తుడుచుకుంటూ నా మోచేయి పొడిచింది.

"ఏం చెప్పిండే! గిట్ల ఆలోచన చేయాలంటే ఎంత సదివి ఉండాలె! నువ్వూ ఉన్నవు, పొట్లాల కాగితాలు సదువుకుంట."

ఉపదేశిగారు ఆ ఊపులో ముందుకు పోయాడు. కాపరి గొర్రెను భుజాన వేసుకుని ఇంటికి వచ్చాడు, పొరుగువాళ్ళను కేక వేశాడు, ఆ కాపలా ఉన్నవాళ్ళందరూ అడవి నుంచి పరుగుపరుగున విందుకు వచ్చేశారు!

"మరి గొర్లకాడ ఎవరున్నరు?" అంది చిలుకమ్మ.

ఉపదేశిగారి చేతులు గాలిలోనే ఆగాయి. ఆ తర్వాతి కథ ఆయనకు తెలియదు. తెలిసేదెట్లా? అక్కడికి రాకముందే నన్ను ఆపింది ఆయనే కదా!

మగవాళ్ళ వైపు నుంచి ఒక గొర్రెల తాత లేచాడు. "పిల్ల సరిగ్గ అడిగింది. వంతు ఉన్నోడు మందను ఇడిసి బువ్వకు ఉరుకుతడా సారూ? గట్ల యాడన్న ఉన్నదా?"

"నువ్వు ఉరకలేదా?" ఆడవాళ్ళ వైపు నుంచి మా ఎదురింటి పెద్దమ్మ లేచింది. "మొన్న నీ వంతు నాడే గద నా నల్లమేక పోయింది! చెట్టు కింద పండుకొని గుర్రు పెట్టినవంట!"

"నీ మేక నా మాట ఇంటదా? నీ లెక్కనే అది!"

"జర ఊకోండ్రి, పెద్దయ్య ముంగట!" అని ఎవరో అరిచారు. ఆ అరుపుతో మిగతా వంతుల తగాదాలు కూడా లేచాయి. చర్చి చూస్తుండగానే పంచాయితీ అయింది. ఉపదేశిగారు ఏనాడూ చూడని ఆడవాళ్ళ చాపల వైపు, అందులోనూ నా వైపు, దీనంగా చూశాడు. నేను చాప అల్లికను శ్రద్ధగా పరిశీలించాను.

పెద్దయ్యగారు చెయ్యెత్తి అందర్నీ కూర్చోబెట్టి, చిలుకమ్మను అడిగారు. "ఈ కథ నీకెవరు చెప్పారమ్మా?"

"టీచరక్క. సగం చెప్పినంక సారొచ్చి బంద్ చేయించిండు."

"అయితే మిగతా సగం ఆమెనే చెప్పమందాం."

మేనత్త వింతగా నా మొహం చూసి, వీపు మీద చెయ్యి వేసి తోసింది. "లేవే, జర లేవు!" లేచాను. బొటనవేలికే చెప్పాను, కాని ఈసారి అందరికీ వినపడింది. "పొద్దుగూకకముందే మందను తోలుకొచ్చి దొడ్లె పెట్టిన్రు. లెక్క చూసుకున్నరు. ఆ తర్వాతనే విందుకు పోయిన్రు."

"గదీ! ఇన్నవా తాతా? దొడ్లె పెట్టినంకనే!" అంది పెద్దమ్మ.

అప్పుడు ఉపదేశిగారు మొహం తుడుచుకుని, నిండుగా నవ్వి, "అయ్యగారూ, ఈ అమ్మాయికి తర్ఫీదు ఇచ్చింది నేనే. కడపటి మాట ఆమె నోట వినిపించాలనే ఆపి ఉంచాను" అన్నాడు. ఆ వెంటనే కళ్ళు మూసుకుని ముగింపు ప్రార్థన ఎత్తుకున్నాడు. నేను ఆమేన్ అననిది దానికే.

పిల్లల పాఠం తిరిగి నాకే అప్పగించి వెళ్ళారు పెద్దయ్యగారు. ఉపదేశిగారు అయ్యగారయ్యాడు, మెడలో బంతిపూల దండ పడింది. విందులో ఆయన విస్తరి ముందు నీళ్ళు పోసింది నేనే. ఆ సాయంత్రం డైరీలో 'అన్యాయం' అని రాసి కింద గీత గీస్తే, పాళీ విరిగి పేజీ అంతా సిరా అయింది. (అన్యాయం అన్న మాట కూడా దాని కిందనే మునిగిపోయింది.)

మరుసటేడు ఆయనకు నది అవతలి సంఘానికి బదిలీ అయింది. ప్రాణహిత రేవుకు అందరం వెళ్ళాం. పడవ ఎక్కబోతూ ఆయన నన్ను పక్కకు పిలిచాడు. క్షమాపణ అడుగుతాడనుకున్నాను. హుందాగా క్షమించడానికి మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "అమ్మాయ్, తప్పిపోయిన కుమారుడి కథ పిల్లలకి ఎట్లా చెబుతున్నావు?" అన్నాడు.

ఎంత ధైర్యం! వెనక్కి తిరిగి వచ్చేయాల్సింది. కాని ఎవరైనా కథ చెప్పమని అడిగితే నా కోపానికి కాళ్ళు ఉండవు. అక్కడే ఇసుకలో నిలబడి, ఆస్తి తగలేసిన చిన్నకొడుకు ఇంటికి రావడం, తండ్రి విందు చేయడం, ఇన్నేళ్ళు చాకిరీ చేసిన పెద్దకొడుకు ఆ అన్యాయం చూడలేక వాకిట్లోనే నిలబడిపోవడం, అక్కడిదాకా చెప్పాను. పెద్దకొడుకు దగ్గరికి వచ్చేసరికి నా గొంతు కొంచెం పెరిగిందట, మేనత్త తర్వాత చెప్పింది. అంతలో పడవవాడు కేకలేశాడు. ఆయన కోటు ఎత్తి పట్టుకుని పరుగెత్తి ఎక్కాడు.

ఇప్పుడు నేనూ ఒక బడిలో టీచరును, నా ముందూ చిలుకమ్మలు ఉన్నారు. ఆ ఇసుకలో కొంగు బిగించి నిలబడిన పిల్ల గుర్తొస్తే ముద్దొస్తుంది. పడవ నడినీళ్ళకు చేరాక ఆయన లేచి నిలబడి, చేతులు నోటి దగ్గర పెట్టుకుని నాకేసి అరిచిన ఆ మాటే ఆయన నాతో అన్న ఆఖరి మాట.

"పెద్దకొడుకు లోపలికి వచ్చాడా లేదా? అది చెప్పనే లేదు తల్లీ!"